వెన్ను విరిగినవారి శుశ్రూష

భద్రాచలం మన్యంలో బాట లేని గూడేలనుంచి రోగిని ఆసుపత్రికి చేర్చే వాహనం డోలీ. పొడుగాటి బొంగుకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోస్తారు. జ్వరపీడితులను, గర్భిణులను వాగులు దాటించిన ఈ సాధనం నేటికీ పూర్తిగా మాయం కాలేదు. 1965లో గోదావరిపై వంతెన తెరిచేవరకు, ఖమ్మం వైపు పోవలసిన రోగి డోలీ దిగి పడవ కూడా ఎక్కవలసివచ్చేది.

అయితే చెట్టుమీదినుంచి పడి వెన్ను విరిగినవాడికి డోలీయే ప్రమాదం. దుప్పటిలో వెన్ను విల్లులా వంగుతుంది. విరిగిన ఎముక అంచు లోపలి వెన్నుపామును నలుపుతుంది. మెడ, నడుము కదలకుండా పట్టుకొని, నలుగురు ఒక్కసారిగా ఎత్తి, తలుపుచెక్కమీద చదునుగా పడుకోబెట్టి మోస్తే మిగిలిన నాడులైనా దక్కే అవకాశముంది.

వెన్నుపాము పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవేలంత లావు. మెదడు ఆజ్ఞ కాళ్లకు, కాళ్ల స్పర్శ మెదడుకు చేరేది దీనిగుండానే. పూర్తిగా తెగితే తిరిగి అతకదు. సుమారు 3,600 ఏళ్లనాటి ఒక ఈజిప్టు వైద్యపత్రం, మెడ ఎముక తొలగి కాళ్లుచేతులు చచ్చుబడి, తెలియకుండానే మూత్రం పోయే రోగిని వర్ణించి, ఇది వైద్యం చేయరాని వ్యాధి అని తేల్చింది. ఆ తీర్పే ఇరవయ్యో శతాబ్దం నడిమివరకు దాదాపుగా చెల్లింది.

1917లో సైలీషియా బొగ్గుగనుల సీమలో ఒక ఆసుపత్రిలో లుడ్విగ్ గట్మన్ అనే యువకుడు సహాయకుడుగా పనిచేస్తున్నాడు. వెన్ను విరిగిన దృఢకాయుడైన గనికార్మికుడొకడు అక్కడికి వచ్చాడు. ఎలాగూ పోయేవాడేనని వైద్యులు ఆశ వదలుకొన్నారు. కొద్ది వారాలకే అతడు మరణించాడు. చంపింది విరిగిన ఎముక కాదు. వీపు పుండ్లు, మూత్రంలో చీము.

ఇందుకు కారణం తెలుసుకోవడం కష్టం కాదు. ఆరోగ్యవంతుడు నిద్రలోనూ అటూ ఇటూ దొర్లుతాడు. స్పర్శ పోయినవాడికి ఆ అవసరం తెలియదు. ఎముకకూ పక్కకూ నడుమ నలిగిన చర్మానికి రక్తం అందక, కొన్ని గంటలలోనే పుండుకు నాంది పడుతుంది. నిండిన మూత్రాశయం కబురు కూడా మెదడుకు చేరదు. నిలిచిన మూత్రం కుళ్లి మూత్రపిండాలను చెరుస్తుంది.

యూదుడైన గట్మన్ నాజీల పీడకు తాళలేక 1939లో ఇంగ్లాండు చేరాడు. 1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం అతని ఆధ్వర్యంలో తెరిచారు. అక్కడ ప్రధానమైన మందు సీసాలో లేదు. పగలనక రాత్రనక రెండేసి గంటలకు రోగిని పక్క మార్చడం, శుభ్రమైన గొట్టంతో మూత్రం తీయడం, చర్మాన్ని రోజూ పరీక్షించడం — ఇదే చికిత్స. చావవలసినవారు బతికారు. 1948లో వారిలో 16 మంది చక్రాల కుర్చీలలో కూర్చొని విలువిద్యలో పోటీపడ్డారు. నేటి పారాలింపిక్స్‌కు బీజం అదే. మన వైపు, వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడినా చక్రాల కుర్చీనుంచే శస్త్రచికిత్సలు చేసింది. ఆమె కృషితో అక్కడ 1966లో పునరావాస సంస్థ వెలిసింది.

సైలీషియా కథ ఖమ్మం సీమకు పరాయిది కాదు. ఇల్లందు చెంత 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. గనిలో వెన్నుకు పెద్ద శత్రువు పైకప్పు. దానిని కర్రతో తట్టి, బోలుగా మోగితే తప్పుకోవడం, దిమ్మెలు, ఉక్కుబోల్టులు బిగించడం — నివారణ అంటే ఇదే. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడికి చాలాకాలం మోకు తప్ప వేరే ఆధారం లేదు. తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాలు ఇవ్వడం 2024లోగాని మొదలుకాలేదు. ఆలస్యమే అయింది!

ఆసుపత్రినుంచి ఇల్లు చేరాక అసలు పరీక్ష. రెండు గంటలకొకసారి అనడం తేలిక. ఇంట ఉన్నది భార్య ఒక్కతే అయి, తెల్లవారి ఆమె మిరపతోటలో కూలికి పోవలసి ఉంటే? నులకమంచం కుంగి, తాళ్లు ఒరుసుకుంటాయి. చెక్కమీద మందపాటి బొంత మేలు. ఛాతీ, తొడల కింద మెత్తలు పెట్టి బోర్లా పడుకోవడం కొద్దికొద్దిగా అలవాటైతే, చర్మం తట్టుకొన్నంత మేరకు వ్యవధి పెంచవచ్చు. ఆమెకూ కాస్త నిద్ర దక్కుతుంది. పొద్దున్నే తుంటి, నడుము కింది ఎముక, మడమలు, మోకాళ్లు చూడాలి. ఎర్రని మచ్చ చెరగకపోతే, అది పోయేవరకు ఆ చోట బరువు పడనీయరాదు.