పట్టా కాగితం: ఆదిలాబాద్ గోండుల భూమి కథ

జైనూరు మీదుగా మార్లవాయికి వెళ్ళినప్పుడు నేను చాలాసేపు నిలబడిపోయింది రెండు సమాధుల దగ్గర. ఒకటి 1987లో మరణించిన బెట్టీ ఎలిజబెత్‌ది. రెండవది ఆమె భర్త, మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ హైమన్‌డార్ఫ్‌ది. 1995లో మరణించిన ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కన ఉంచారు. వియన్నాలో పుట్టిన మనిషికీ ఈ గోండు గూడేనికీ ముడివేసింది స్నేహం ఒక్కటే కాదు, భూమి కూడా.

గోండులు అనాదిగా పేదవారని మనలో చాలామంది అనుకుంటాం. చరిత్ర అలా చెప్పదు. 18వ శతాబ్దం మధ్యలో మరాఠాలకు రాజ్యం కోల్పోయేదాకా చాందా గోండు రాజులది పెద్ద రాజ్యమే. ఆ తర్వాత కూడా అడవి విస్తారం, జనం తక్కువ. ఒక చేనును కొన్నేళ్ళు దున్ని, సారం తగ్గగానే బీడు పెట్టి, మరోచోట సాగు చేసుకుని, మళ్ళీ పాత చేనుకు తిరిగివచ్చేవారు. నేలను కాపాడుకునే పద్ధతి అది. రెవెన్యూ దఫ్తరులో మాత్రం బీడుపడ్డ చేను ఎవరిదీ కాదు. హక్కు సేద్యంతో వస్తుందని గోండు నమ్మాడు, కాగితంతో వస్తుందని సర్కారు నమ్మింది. చిక్కంతా ఇక్కడే.

ఇరవయ్యో శతాబ్దంలో రిజర్వు అడవుల హద్దులు గీశారు. 1929 నాటికి కాజీపేట, బల్లార్షాల మధ్య రైలు మార్గం పూర్తయింది. పట్టా రాయించుకోవడం తెలిసిన మైదానపు రైతులు, వడ్డీ వ్యాపారులు తరలివచ్చారు. బీడు చేలు అడవిలో కలిసిపోయాయి, సాగు చేలు కొత్తవారి పేర్లకెక్కాయి. 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసు తూటాలకు కొమురం భీము నేలకొరిగాడు. సర్కారు దృష్టిలో అది తిరుగుబాటు, మూలంలో మాత్రం సాగుభూమి తగాదాయే.

కారణాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. యుద్ధకాలం కనుక బ్రిటిష్‌వారి లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. (ఆ శత్రువే గోండులకు ఆప్తుడు కావడం విచిత్రం.) 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. లావణి నిబంధనల కింద పట్టాలు ఇవ్వసాగారు. 1949 నాటికి జిల్లా గిరిజనులకు అందిన భూమి సుమారు 1,60,000 ఎకరాలు. నిజాం పాలన చివరి దినాల్లో చేసిన మంచి పనుల్లో ఇది ఒకటని నా అభిప్రాయం. భీము ప్రాణం పోయాక గాని చేయలేదన్నది వేరే మాట.

వచ్చిన పట్టా చాలాచోట్ల నిలవలేదు. విత్తనం అప్పు, బట్టలు అప్పు, పెళ్ళి ఖర్చు అప్పు. పంట కల్లంలోనే సావుకారికి జమ. తీరని బాకీకి చేనే కౌలుగా వెళ్ళేది. చివరకు కాగితం గోండు పేర, పంట సావుకారి ఇంట. దీన్ని ఆపడానికే 1970లో ఒకటవ రెగ్యులేషన్ వచ్చింది, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడిదేనని ముందుగా భావించాలి, కాదని రుజువు చేయవలసింది గిరిజనేతరుడే. ఇంత న్యాయమైన వాక్యం మన భూచట్టాల్లో అరుదు. అమలు అంతకంటే అరుదు. తన కళ్ళముందు పంచిన భూమిలో ఎంతో భాగం చేతులు మారిందని హైమన్‌డార్ఫ్ 1982లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు.

అప్పటికే ఇంద్రవెల్లి జరిగిపోయింది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూమి కోసం, పంట ధర కోసం గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు అనుమతి రద్దు చేశారు. ఆ సంగతి తెలియని గూడేలు కదిలి వచ్చాయి. కాల్పుల్లో చనిపోయినవారు సర్కారు లెక్కలో 13 మంది. జనం లెక్క అంతకు ఎన్నో రెట్లు.

2006 అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాల పోడు భూమికి పట్టాల పంపిణీని ఆసిఫాబాద్ నుంచే మొదలుపెట్టింది. సంతోషమే. అయితే ఆ చట్టం అడవిలోని సాగుకు, సావుకారి చేతికి పోయిన చేనుకు కాదు.

మార్లవాయి నుంచి తిరిగి వస్తూ దారిలో ఒక గూడెంలో ఆగాను. "మీకు పట్టా ఉందా తాతా?" అని అడిగితే ఒక పెద్దాయన లోపలికి వెళ్ళి పాలిథీన్ సంచి తెచ్చాడు. అందులో తండ్రి పేర ఉర్దూలో రాసిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి. ఆయనా చదవలేడు, నేనూ చదవలేను. చేను ఎక్కడ అన్నాను. చెయ్యి చాపి దారి పక్కనే విరగపూసిన పత్తిని చూపించాడు. రేపు అందులోకే కూలికి వెళ్తానన్నాడు.