గంబో కుండ: కలిసిందా, కలిపారా?

సంస్కృతి గురించి మాట్లాడేటప్పుడు మన విమర్శకులకు చాలా ఇష్టమైన మాట ఒకటుంది: 'సమ్మేళనం'. ఎక్కడెక్కడి జనమో ఒకచోట చేరారట, ఎవరి విద్య వారు తెచ్చారట, అన్నీ కలిసి కొత్త సంస్కృతి పుట్టిందట. ఈ మాటను నేనూ చాలాకాలం వాడాను. ఒక సాహిత్య సభలో అమెరికా దక్షిణ ప్రాంతపు వంటకమైన గంబోను ఉదాహరణగా చూపి, ఆఫ్రికా బెండకాయ, ఫ్రెంచివాళ్ల పిండి వేపుడు, ఆదివాసుల ఆకుపొడి ఒకే కుండలో ఎంత సామరస్యంగా ఉడుకుతాయో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. ఆ ఉదాహరణ ఎంత అర్ధసత్యమో, ఆ కుండ ముందు నేనే నిలబడి గరిటె తిప్పిన రోజున గాని నాకు తెలియలేదు. ఈ వ్యాసం ఆ తప్పు దిద్దుకోవడానికే రాస్తున్నాను.

లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలున్నాను. ఒక ఆదివారం పాతికమందికి భోజనం పెట్టాలనుకున్నాం. పక్కింట్లో ఉండే వృద్ధురాలు, నల్లజాతి స్త్రీ, తన ఇంటి పెద్ద కుండ ఇచ్చి, ఎలా వండాలో చెప్పడానికి తానే వచ్చి కూర్చుంది. మా ఇంట్లో నలభై ఏళ్లుగా పులుసు తింటున్నవాణ్ణే గాని గరిటె పట్టినవాణ్ణి కాను. ఆ సంగతి ఆమె నా చేతులు చూసి క్షణంలో కనిపెట్టింది. గరిటె నాకే ఇచ్చింది.

గంబోకు మొదటి పని 'రూ'. నూనెలో మైదా వేసి సన్నటి మంట మీద వేపడం. మూడు కప్పుల నూనె, మూడు కప్పుల మైదా. తెలుపు గోధుమరంగుగా, గోధుమరంగు ఇటుకరంగుగా, చివరికి కాఫీ గింజల రంగుగా మారేదాకా ఆపకుండా కలపాలి. ముప్పావు గంట పైమాటే. ఇరవై నిమిషాలకు నా భుజం లాగింది. చెయ్యి మార్చుకోబోయి ఒక్క నిమిషం ఆపాను. అడుగున నల్లటి చుక్కలు లేచాయి. ఆమె తొంగిచూసి, "పారబోయండి. మాడిన రూ కుండంతా చేదు చేస్తుంది," అంది. మళ్లీ మొదలుపెట్టాను. రంగు తిరిగాక ఉల్లి, సెలెరీ, క్యాప్సికం ముక్కలు వేసి వేడి తగ్గించాం. తర్వాత కోడిమాంసం ఉడికించిన నీళ్లు, పొగపెట్టిన సాసేజ్ ముక్కలు, వేరే మూకుట్లో జిగురు పోయేదాకా వేయించిన బెండకాయలు. రొయ్యలు చివర్లో. అన్నం విడిగా. మొత్తం నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటల్లో నాకు మొదట తట్టిన ఆలోచన చాలా చిన్నది. ఇది తీరిక ఉన్నవాళ్లు కనిపెట్టిన వంట కాదు. వేరొకరి తీరిక కోసం పొయ్యి ముందు నిలబడ్డవాళ్ల వంట. ఆ నిలబడ్డవాళ్లు ఎవరన్నదే అసలు ప్రశ్న.

పేరుతోనే మొదలుపెడదాం. గంబో అంటే బెండకాయే. అంగోలా ప్రాంతపు బంటూ భాషల్లో బెండకాయకున్న పేర్లలో ఈ 'ఎన్‌గొంబో' అనే మాట వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు వాడే 'ఓక్రా' కూడా పశ్చిమాఫ్రికాలోని ఇగ్బో భాష నుంచి వచ్చిందే. బెండకాయ జిగురంటే మన ఇళ్లలో ఎంత విసుగో తెలుసు. చింతపండు పులుసు పోసి దాన్ని విరగ్గొడతాం. పశ్చిమాఫ్రికా వంటలో ఆ జిగురే గుణం, కూరకు చిక్కదనమిచ్చేది అదే. ఒక కాయను ఎలా వండాలన్న తెలివి కూడా ఆ కాయతోపాటే సముద్రం దాటిందన్నమాట. అయితే ఆ తెలివి తనంతట తాను ఓడ ఎక్కలేదు.

న్యూ ఆర్లియన్స్‌ను ఫ్రెంచివాళ్లు 1718లో స్థాపించారు. మరుసటి ఏడాది, 1719లో, ఆఫ్రికా నుంచి బానిసలతో తొలి ఓడలు లూసియానా చేరాయి. ఆ ఓడల కెప్టెన్లకు కంపెనీ ఇచ్చిన ఆజ్ఞల్లో ఒకటి మనం ప్రత్యేకంగా గమనించాలి: విత్తనపు వడ్లు తీసుకురండి, వరి సేద్యం తెలిసిన మనుషులను కూడా తీసుకురండి. గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి 1992లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ సంగతి వివరించింది. ఫ్రెంచి పాలనలో అక్కడికి చేరిన బానిసల్లో మూడింట రెండువంతుల మంది సెనెగల్, గాంబియా నదుల ప్రాంతంవారని కూడా ఆమె తేల్చింది. మిసిసిపీ ఒడ్డున బురదనేలల్లో వరి పండించడం తెలియని యజమానులు, తెలిసిన రైతులను వడ్లతోపాటు సరుకుగా కొన్నారు. గంబో కింద ఉండే అన్నం చరిత్ర ఇది. ఇందులో 'సమ్మేళనం' ఎక్కడుంది?

ఇక గంబో అనే మాట లూసియానాలో కాగితం మీదికి ఎలా ఎక్కిందో చూడండి. సాహిత్య విద్యార్థులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఇంతవరకు చరిత్రకారులు చూపిన తొలి ప్రస్తావనల్లో ఒకటి 1764 నాటిది. అది వంటల పుస్తకం కాదు, యాత్రాచరిత్ర కాదు, కావ్యం అంతకన్నా కాదు. నేర విచారణ పత్రం! కొంబా అనే మాండింగా స్త్రీని, న్యూ ఆర్లియన్స్‌లో బానిసను, అధికారులు ప్రశ్నించారు. లూయీ అనే బానిసకు గంబో పెట్టావా అని అడిగారు. పెట్టానని ఆమె చెప్పింది.

ఆ ప్రశ్నలోని బెదిరింపు అర్థం కావాలంటే ఆనాటి చట్టం తెలియాలి. 1724లో లూసియానాలో అమలుకు తెచ్చిన 'కోడ్ న్వార్', అంటే నల్లవారి చట్టం ప్రకారం నెలరోజులు పారిపోయిన బానిసకు మొదటిసారి చెవులు కోసి భుజం మీద వాత పెట్టాలి. రెండోసారి పారిపోతే మోకాటి వెనక నరం తెగ్గోయాలి. మూడోసారి పారిపోతే ప్రాణం తీయాలి. పారిపోయినవారికి ఆశ్రయమిస్తే స్వేచ్ఛ పొందిన నల్లవారికీ జరిమానా తప్పదు. ఇలాంటి రాజ్యంలో ఎవరికి అన్నం పెట్టావన్న ప్రశ్న వంటకు సంబంధించిన ప్రశ్న కాదు. అది రాజకీయ ప్రశ్న. పెట్టానన్న జవాబు కూడా రాజకీయ జవాబే. కొంబా తన మాట తాను రాసుకోలేదు. శత్రువు గుమాస్తా రాసుకున్నాడు. పీడితుల మాట చాలాసార్లు మనకు పాలకుల ఫైళ్లలోనే దొరుకుతుంది. ఆ ఫైలును పాలకుడి కంటితో చదువుతామా, జవాబు చెప్పిన మనిషి కంటితో చదువుతామా అన్నది మన ఇష్టం. ఆ ఇష్టంలోనే మన దృక్పథం బయటపడుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ మాండింగా స్త్రీ పూర్తిగా అపరిచితురాలేమీ కాదు. అలెక్స్ హేలీ 1976లో రాసిన నవలను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేశాక కుంటా కింటే మన ఊళ్లలో ఇంటిమనిషి అయ్యాడు. గాంబియా నది ఒడ్డున అతణ్ణి పట్టుకుపోయినట్టు నవల చెప్పే సంవత్సరం 1767. కొంబా ఆ విచారణలో నిలబడ్డ మూడేళ్లకు. ఆ నవల చదివి కన్నీళ్లు పెట్టుకున్న మనమే, ఆ జాతి స్త్రీ వండిన కూరను 'సామరస్యానికి' ఉదాహరణగా చెప్పుకోవడం ఎంత విచిత్రం!

ఆకుపొడి సంగతీ ఇంతే. గంబోలో చిక్కదనానికి వేసే 'ఫిలే' అంటే సాసఫ్రాస్ చెట్టు ఎండుటాకుల పొడి. కుండ దించాక వేయాలి, మంట మీద వేస్తే తీగలు సాగుతుంది. దీన్ని నేర్పినవారు చొక్టా ఆదివాసులు. న్యూ ఆర్లియన్స్ మార్కెట్లో ఆ పొడిని అమ్మినవారూ వారే. 1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసుల తరలింపు చట్టం చేసింది. ఆ చట్టం కింద మొట్టమొదట మిసిసిపీ ప్రాంతపు తమ నేల నుంచి వెళ్లగొట్టబడ్డవారిలో, 1831లో, ఈ చొక్టాలే ఉన్నారు. పొడిని ఉంచుకున్నారు, పొడి చేసినవారిని తరిమేశారు. అలాగే 1755లో ఇంగ్లీషువాళ్లు నోవా స్కోషియా నుంచి వెళ్లగొట్టిన అకేడియన్లు తర్వాతి కాలంలో లూసియానా చేరి కేజన్లు అయ్యారు. నేడు కేజన్ గంబో ప్రసిద్ధం. వారూ నిర్వాసితులే. అయితే వారి కష్టాన్నీ, సంకెళ్లలో వచ్చినవారి కష్టాన్నీ ఒకే తూకం రాళ్లతో తూచడం కుదరదు.

ఇక్కడ మన తెలుగు వ్యాకరణమే మనకు దారి చూపుతుంది. 'కలిశాయి' అన్నామంటే కర్త అవసరం లేదు, పదార్థాలు వాటంతటవే కలుస్తాయి. 'కలిపారు' అనగానే ప్రశ్న పుడుతుంది: ఎవరు కలిపారు? ఎవరి కోసం? ఎవరి ఆజ్ఞ మీద? సమ్మేళన సిద్ధాంతమంతా 'కలిశాయి' అనే క్రియ మీద నిలబడి ఉంది. చరిత్ర రాయవలసింది 'కలిపారు' అనే క్రియతో.

అచ్చులో జరిగిందేమిటి? 1824లో వర్జీనియాకు చెందిన మేరీ రాండాల్ఫ్ తన వంటల పుస్తకంలో గంబోను వెస్టిండీస్ వంటకంగా చేర్చింది. 1885లో న్యూ ఆర్లియన్స్ క్రియోల్ వంటల మీద రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి లాఫ్కాడియో హెర్న్‌ది, మరొకటి ఒక క్రైస్తవ మహిళా సంఘానిది. వంటగదుల్లో గరిటె తిప్పినవారి పేర్లు అట్టల మీద లేవు. దీనికి అరుదైన మినహాయింపు ఏబీ ఫిషర్. బానిసత్వంలో పుట్టిన ఈమె పుస్తకం 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెలువడింది. అందులో బెండకాయ గంబో ఉంది. ఆమెకు చదవడం, రాయడం రాదు. చెప్పింది, వేరొకరు రాసుకున్నారు. రచయిత అంటే కలం పట్టినవాడేనా అని విశ్వవిద్యాలయాల్లో చర్చించే మిత్రులు ఈ పుస్తకాన్ని తమ పాఠ్యప్రణాళికలోకి ఎందుకు తేరు?

అయితే మరో తప్పు పట్ల కూడా జాగ్రత్తపడాలి. గంబో స్వచ్ఛమైన ఆఫ్రికా వంటకం, మిగతాదంతా కల్తీ అని వాదించడం చరిత్రకు ఎదురీదడమే. రూ ఫ్రెంచివాళ్లదే, ఆకుపొడి చొక్టాలదే. బలవంతంగా ఒకచోటికి నెట్టబడ్డ శ్రామికులు, చేతికందిన ప్రతిదాన్నీ తమ తెలివితో తమది చేసుకున్నారు. ఆ సృజన నిజమైనది. దాన్ని వట్టి దుఃఖగాథగా చెప్పడం కూడా వారిని అవమానించడమే. బానిస స్త్రీలు న్యూ ఆర్లియన్స్ వీధుల్లో తినుబండారాలు అమ్మారు. ఆదివారాల్లో కాంగో స్క్వేర్‌లో జనం గుమికూడి ఆడారు, పాడారు. 1811 జనవరిలో అదే నది ఒడ్డున చార్లెస్ డెలాండ్ నాయకత్వాన వందలాది బానిసలు నగరం మీదికి కదిలారు. ఓడిపోయాక వారి తలలు నరికి నదికట్ట పొడవునా గుంజలకు గుచ్చారు. ఆ తోటల వంటశాలల్లో పొయ్యి మాత్రం ఆరలేదు.

1941లో న్యూ ఆర్లియన్స్‌లో మొదలైన డూకీ చేజ్ హోటలు ఈ కథకు మరో అధ్యాయం. తెల్లవారూ నల్లవారూ ఒకే బల్ల దగ్గర తినడం చట్టవిరుద్ధమైన కాలంలో, 1960 దశకంలో, పౌరహక్కుల కార్యకర్తలు రెండు జాతులవారూ ఆ హోటలు మేడమీది గదిలో కలుసుకుని, గంబో తింటూ ఉద్యమ వ్యూహాలు చర్చించుకున్నారు. వండిపెట్టింది లియా చేజ్ (1923-2019). కొంబా 1764లో చేసిన పనినే రెండు శతాబ్దాల తర్వాత ఆమె చేసింది. 2004లో లూసియానా ప్రభుత్వం గంబోను రాష్ట్ర అధికారిక వంటకంగా ప్రకటించింది. మరుసటి ఏడాది ఆగస్టులో కత్రినా తుఫానుకు కట్టలు తెగి నగరం మునిగినప్పుడు, ఇళ్ల కప్పుల మీద సాయం కోసం ఎదురుచూసినవారిలో అత్యధికులు ఆ వంటకం పుట్టించిన జాతివారే. వంటకానికి గౌరవం దక్కింది, వండినవారి వాడలు నీళ్లలో ఉండిపోయాయి.

సాయంత్రం పాతికమందీ తిన్నారు. బాగుందని అందరూ నన్నే మెచ్చుకున్నారు. నేను పక్కింటి ఆమె పేరు చెప్పబోతే ఆమె చెయ్యి అడ్డంపెట్టి, "ఒకసారి మాడ్చారని కూడా చెప్పండి," అని నవ్వింది. చెప్పాను. కుండ తోమింది మాత్రం మా అమ్మాయీ, ఆమే. నేను అతిథులతో సంస్కృతి గురించి మాట్లాడుతూ కూర్చున్నాను. అది కూడా ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

మనవైపు గడీల వంటశాలల్లో వెట్టి చేసిన స్త్రీలు ఏం వండారో, ఎవరికి చాటుగా ఇంత పెట్టారో రాసినవారు ఎంతమంది? మన సాహిత్య చరిత్రల్లో 'సమన్వయం', 'సమ్మేళనం' అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో యువ పరిశోధకులు వెతకాలి. ఆ మాట ఉన్న ప్రతిచోటా కర్త ఎవరో అడగాలి. నా పాత ఉపన్యాసంతోనే మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.