వ్రాయు చేయి, సరిచూచు కన్ను

ఇంట తెలుగు, కచేరీలో కన్నడము. ఇది మా కైవారపు వాడుక. కన్నడమున నున్న పహణిని రైతునకు తెలుగున చదివి వినిపించుట మావంటి గుమాస్తాల పనిగా నుండెడిది. మెట్రిక్కుతో చదువు నిలిచిన మాకు సరిచూచు విద్య అచ్చటనే అబ్బినది. ఒకడు మూలము చదువును, వేఱొకడు నకలుపై వ్రేలుంచి వినును, పిమ్మటనే ముద్ర.

ఒకమారు మేమీ నియమము తప్పితిమి. నకలు వ్రాసిన కుఱ్ఱవాని అక్షరములు ముత్యములు. ఆ సొగసును చూచి, అంకెలను చూడక ముద్ర వేసితిమి. 2 ఎకరముల 31 గుంటలు కాస్తా 2 ఎకరముల 13 గుంటలైనవి. ఆ 18 గుంటల కొరకు రైతు ఏడాది తిరిగెను. వ్రాత కుఱ్ఱవానిది, సంతకము మాది.

2000 ప్రాంతమున కర్ణాటక ప్రభుత్వము 'భూమి' పథకమున 67 లక్షల రైతుల సుమారు 2 కోట్ల పహణీలను కంప్యూటరు కెక్కించెను. అచ్చుతీసిన ప్రతులను గ్రామలెక్కాధికారులు చేతివ్రాత పుస్తకములతో సరిచూచిరి. నాడు ఖాతా మార్పునకు నోటీసు, ఆక్షేపణకు 30 దినములు, పిదప రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆమోదము. అర్జీ వ్రాసినవాడే ఆమోదించుట లేకుండెను.

ఈ పాతకథ నేడేల యందురా? బెంగుళూరున కంప్యూటరు ఉద్యోగియైన మా మేనల్లుడు చేయుచున్నదియు ఇదే పని. కోడును వరుసవరుసగా చదివి తప్పులేరు పద్ధతిని ఐ.బి.ఎం.లో మైకేల్ ఫేగన్ 1976లో ప్రకటించెను. నేడు విరివిగా వాడబడు 'గిట్' 2005లో పుట్టినది. ఏ వరుస పోయెను, ఏది చేరెను, ఎవరు చేసిరి, అన్నియు చూపును. ఇంతవరకు వ్రాయువాడు మనుష్యుడే. 2021లో 'కోపైలట్' వచ్చినపిమ్మట యంత్రమే వ్రాయసాగినది. మా సంస్థ కోడులో నూటికి 20, 30 పాళ్లు యంత్రము వ్రాసినదే కావచ్చునని, హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్టు అధిపతిగా 2025 ఏప్రిలులో చెప్పెను.

యంత్రపు వ్రాతయు ముత్యములే. చిక్కంతయు అచ్చటనే యున్నది. ఊరిలో లేని సర్వే నంబరు వేసినట్లు, లేని లైబ్రరీని ఉన్నట్లే పిలుచును. పరీక్ష తప్పినచో ఒక్కొక్కప్పుడు కోడును దిద్దక పరీక్షనే మార్చును. దస్తావేజు వ్రాసిన చేయియే సాక్షి సంతకమును చేసినట్లు! ఏల యిట్లు వ్రాసితివన్న తడుముకొనక సమాధానము చెప్పును. కుఱ్ఱవాడైన తలవంచుకొనెను.

"మామా, నిమిషములో ఎనిమిది వందల వరుసలు వచ్చి పడుచున్నవి; ఎట్లు చదువుదును?" అని అతడడిగెను. 18 గుంటల కథ చెప్పితిమి. మొదట తీసివేసిన వరుసలు చూడుమంటిమి. పరీక్షలను వేఱొకరిచేత వ్రాయించుమంటిమి.

ఇప్పుడతడు రెండు వందల వరుసలు మించిన మార్పును చదువక త్రిప్పి పంపుచున్నాడట. జాప్యమగుచున్నదని పైవారికి కొంత కోపము. ఒకటి రెండు దినముల జాప్యమే. మా తాలూకాలో నాడు గడువు ముప్పది దినములు.