నేటాల్ ప్రవాసాంధ్రులు: కుటుంబ హోదా, చట్టం (1895–1914)
1860 నుండి మద్రాసు రేవు మీదుగా నేటాల్‌కు తరలిన ఒప్పంద కూలీలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. గడువు ముగిశాక అక్కడే స్థిరపడదలచినవారిపై 1895 నాటి చట్టం ఏటా 3 పౌన్ల పన్ను విధించింది. స్వదేశానికి మరలడం, లేదా తిరిగి ఒప్పందంలో చేరడం మాత్రమే దీనికి ప్రత్యామ్నాయాలు. 1903లో ఈ పన్నును 16 ఏళ్లు దాటిన కుమారులకు, 13 ఏళ్లు దాటిన కుమార్తెలకు విస్తరించారు.

పన్ను కుటుంబ ఆదాయాన్ని హరించగా, 1913 మార్చిలో కేప్ న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు కుటుంబ ఉనికినే ప్రశ్నించింది. బహుభార్యత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన వివాహం భార్యకు దేశప్రవేశ హక్కునివ్వదని దాని సారాంశం. ఏకపత్నీవ్రతుల భార్యలకూ రక్షణ కరవైంది. ఆ ఏటి సత్యాగ్రహంలో స్త్రీలు కారాగారవాసానికి సిద్ధపడడానికి ఇది ప్రధాన హేతువు.

1914 నాటి భారతీయుల ఉపశమన చట్టం పన్నును రద్దు చేసి, ఒక భార్యకే పరిమితమైన వివాహాలను గుర్తించింది. హక్కు దక్కింది, కాని కుటుంబమంటే ఏమిటో నిర్ణయించే అధికారం ఆచారం నుండి రాజ్యానికి సంక్రమించింది.