బరువు దారి: నెల్లూరు తీరమున కాలువ పడవ నుండి పొక్లెయిన్ ట్రైలరు వరకు

నెల్లూరు తీరము మెత్తని నేల. సముద్రము వైపున ఇసుక దిబ్బలు, వాటి వెనుక చవుడు, ఉప్పునీటి కయ్యలు, బంకమట్టి కలవు. ఇట్టి నేలపై పెద్ద బరువును ఎట్లు నడిపింపవలెనను ప్రశ్న రెండు శతాబ్దములుగా ఇక్కడ ఉన్నది. ఒక్కొక్క కాలము దానికి ఒక్కొక్క సమాధానము చెప్పినది.

మొదటి సమాధానము నీరు. 1806లో చెన్నపట్నము నుండి ఎన్నూరు వైపునకు కాక్రేన్ అను వర్తకుని పేర మొదలైన కాలువ క్రమముగా ఉత్తరమునకు పెరిగి, పులికాటు సరస్సును దాటి, నెల్లూరు తీరము వెంట కృష్ణా డెల్టా కాలువలతో కలిసినది. 1876-78 నాటి ధాత కరువులో ఆకలిగొన్న కూలీలకు పని కల్పించుటకై దీని త్రవ్వకమును సాగించిరి. 1878లో ఆనాటి గవర్నరు పేరున ఇది బకింగ్‌హామ్ కాలువ అయినది. నాటి త్రవ్వు యంత్రములు గడ్డపార, పార, తట్ట. పనిముట్టు మనిషి భుజము మీదనే నడిచి వచ్చెడిది; దానిని మోయుటకు వేరు బండి అక్కరలేదు.

పడవలో పోసిన ధాన్యపు బరువును, ఉప్పు బరువును నీరే మోసినది. ఆర్కిమెడిసు సూత్రము ప్రకారము తేలు పడవ తన బరువుకు సమానమైన బరువు గల నీటిని ప్రక్కకు నెట్టును. ఆ బరువు పడవ అడుగుభాగమంతటను పరచుకొనును గనుక దారి అరుగదు. కాని పడవ నిదానము. 1899లో విజయవాడ, చెన్నపట్నముల మధ్య రైలుమార్గము కలిసిన పిదప కాలువ ప్రాధాన్యము తగ్గినది. తరువాతి తుపానులు, పూడిక దానిని మరింత దెబ్బతీసినవి.

1980ల చివర నుండి ఈ తీరమున రొయ్యల చెరువులు విస్తరించినవి. 2008లో కృష్ణపట్నము వద్ద ఆధునిక రేవు ప్రారంభమైనది. మట్టి పని పెరిగినది. తట్టకు బదులు పొక్లెయిన్ వచ్చినది. ఈ పేరు ఫ్రాన్సు దేశపు ఒక కంపెనీది. తెలుగునాట అది ఆ జాతి యంత్రములన్నిటికిని వాడుక పేరైనది.

ఈ యంత్రములో ఒక వింత కలదు. సాధారణముగా దాని బరువు 21 టన్నుల వరకు ఉండును. దాని రెండు ఇనుప చెయిన్లు నేలను తాకు వైశాల్యము సుమారు 4 చదరపు మీటర్లు. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై పడునది దాదాపు అర కిలో మాత్రమే. లారీ టైరు అంతే చోటున 7, 8 కిలోల ఒత్తిడి చూపును. కనుకనే లారీ దిగబడు బురదలో పొక్లెయిన్ నిలబడి పని చేయగలదు. కాని ఇనుప చెయిన్లు తారు రోడ్డును చీల్చును; దాని నడక కూడ మనిషి నడకకు దగ్గర. అందువలన ఊరు మారవలెనన్న దానిని ట్రైలరు మీదికి ఎక్కింపవలెను. అంతవరకు 4 చదరపు మీటర్లపై పరచుకొన్న బరువు అప్పుడు కొన్ని టైర్లపై నిలుచును. బురదలో తేలికైనది రోడ్డుపై బరువగును.

రోడ్డుకు ముఖ్యము మొత్తము బరువు మాత్రమే కాదు, ఒక్కొక్క ఇరుసుపై పడు బరువు. 1958-60 సంవత్సరములలో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున రోడ్లు వేసి, వాటిపై లారీలు నడిపి పరీక్షించిరి. ఇరుసు బరువు పెరిగినకొలది రోడ్డుకు కలుగు నష్టము సుమారుగా దాని నాల్గవ ఘాతము చొప్పున పెరుగునని తేలినది. ఇరుసు బరువు రెండింతలైన నష్టము పదునారింతలు.

భారతదేశమున నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు పరిమితి 10.2 టన్నులుగా ఉండెడిది. 2018లో అది 11.5 అయినది. రెండిరుసుల లారీ, మూడిరుసుల ట్రైలరు కలిసినచో పూర్వపు మొత్తము 40.2 టన్నులు, క్రొత్త లెక్కలో ముందు ఇరుసుకు 7, వెనుక ఇరుసుకు 11.5, ట్రైలరుకు 27, వెరసి 45.5. 21 టన్నుల యంత్రమును 20 టన్నుల ఖాళీ లారీ-ట్రైలరుపై ఎక్కించినచో మొత్తము 41. పాత లెక్కలో అది నేరము, క్రొత్త లెక్కలో న్యాయము. కాని కాగితముపై అంకె మారినంత మాత్రమున పాత కల్వర్టుకు బలము రాదు.

మొత్తము సరిపోయినను ప్రమాదము తొలగదు. ట్రైలరు లారీకి తగులుకొను చోటికిని, దాని ఇరుసుల నడిమికిని దూరము 8 మీటర్లు అనుకొనవచ్చును. యంత్రమును ఒక్క మీటరు ముందుకు నిలిపినచో 21ని 8చే భాగింపగా వచ్చు 2.6 టన్నులు ట్రైలరు ఇరుసుల నుండి లారీ మీదికి మారును. అందులో అధికభాగము వెనుక ఇరుసుపై పడును. అక్కడ ముందు 10.5 టన్నులున్నచో ఇప్పుడు 13కు చేరువగును. పరిమితి దాటును, రోడ్డుకు నష్టము రెండింతలను మించును. ఇక చెయిన్లకు అంటిన చెరువు మట్టి! తడిమట్టి ఘనమీటరుకు 1.8 టన్నుల వరకు తూగును. అర ఘనమీటరు అంటినను దాదాపు ఒక టన్ను. ఎక్కించుటకు ముందు చెయిన్లు కడుగుట శుభ్రతకు మాత్రమే కాదు, లెక్కకు కూడ అవసరము.

ఇదే తీరపు దక్షిణభాగమున గల శ్రీహరికోటలో మరొక సమాధానము కనబడును. 2014లో తొలిసారి ఎగిరిన ఎల్.వి.ఎం.-3 రాకెట్టు ప్రక్క బూస్టరు ఒక్కొక్కదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనము ఉండును. దానిని మూడు ఖండములుగా, ఆ దీవిలోని కర్మాగారముననే పోతపోసి, ప్రయోగస్థలము వద్ద కూర్చెదరు. ఇంధనముతో నిండిన అంత బరువు దూరపు రహదారుల మీదికి రానక్కరలేదు. విభజింపగల బరువును విభజించుట, దూరమును తగ్గించుట ఇందలి నేర్పు. పొక్లెయిన్ యజమానికి ఆ సదుపాయము తక్కువ. యంత్రమును అంతగా విడదీయలేడు గనుక ఇరుసులనైనను పెంచుకొనవలెను.

బరువును మాయము చేయు విద్య లేదు. దానిని పంచు విద్య మాత్రమే కలదు. కాలువలో నీరు, బురదలో చెయిన్, రోడ్డుపై ఇరుసులు చేయునది ఆ పంపకమే. పంపకము తప్పినచోట ముందు రోడ్డు కుంగును, పిదప కల్వర్టు విరుగును. ఆ వేళ దానిపై నున్నది యంత్రము మాత్రమే కాదు, దానిని నడుపు మనిషి కూడ.