పన్ను కాగితం రాసిపెట్టేవాడు



పన్నుల చరిత్రను మనవారు రెండు విధాలుగా రాశారు. ఒకటి విధించినవారి చరిత్ర: ఏ రాజు ఎంత తీసుకున్నాడు, ఏ ప్రభుత్వం ఏ చట్టం చేసింది. రెండవది ఎదిరించినవారి చరిత్ర: పెదనందిపాడు, పలనాటి పుల్లరి. ఈ ఇద్దరి నడుమ చాపమీద కూర్చుని, తరువాతి కాలంలో బల్లముందు కూర్చుని, కాగితం రాసిపెట్టిన మూడవ మనిషి ఒకడున్నాడు. అతడి గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. పన్ను కట్టేవాడు ప్రభుత్వాన్ని ఎన్నడూ ముఖాముఖి చూడడు. ఈ మూడవ మనిషినే చూస్తాడు. అందుచేత ఈ టపా అతడి కోసం.

మా పెదకాకానికి దక్షిణంగా సముద్రతీరాన మోటుపల్లి ఉంది. నేడది బాపట్ల జిల్లాలోనిది, 2022కు ముందు ప్రకాశం జిల్లాలోనిది. అక్కడ కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అనగా క్రీస్తుశకం 1244-45లో, అభయశాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం కూపశుల్కం తప్ప మరేదీ తీసుకోననీ ఆ శాసనం చెబుతుంది. సుంకం ముప్పదింట ఒక వంతు. చందనం, కర్పూరం, దంతం, ముత్యాలు, రాగి, మిరియాలు, ఇలా సరుకు వారీగా వివరం ఉంది. మిరప అప్పటికింకా మన దేశానికి రాలేదు కనుక అందులో లేదు!

నన్ను ఆకర్షించినది సుంకం తక్కువ కావడం కాదు. లెక్క రాతిమీద, రేవులో, అందరూ చూసేచోట ఉండడం. చదవగలిగిన వర్తకుడికి తాను ఎంత చెల్లించాలో మరొకరు చెప్పనక్కరలేదు.

రాతిమీది లెక్క కాగితంమీదికి దిగిన తరువాత ఈ సౌలభ్యం పోయింది. కుంఫిణీ పాలనలోనికి గుంటూరు సర్కారు 1788లో వచ్చింది. ఇక్కడ మొదట జమీందారులదే పెత్తనం. 1832-33లో వచ్చిన నందన కరువు ఈ నేలను ఊడ్చివేసింది. కరువుతోపాటు జమీందారీలూ కుంగిపోయాయి. వాల్టర్ ఇలియట్ విచారణ తరువాత ఈ ప్రాంతంలో సర్కారు నేరుగా రైతుతో వ్యవహరించడం మొదలైంది. రైత్వారీ అంటే ప్రతి రైతుకూ ఒక పట్టా, ప్రతి ఏడూ జమాబందీ. మాటలో నేరుగా అన్నారే గానీ, కలెక్టరు వేలమంది రైతులను ఎరుగునా? ఎరిగినవాడు కరణం. శిస్తు వసూలు మునసబు పని, లెక్క కరణం పని. అడంగలులో ఏ సర్వే నంబరులో ఏ పైరు వేశారో, 10(1) లెక్కలో ఏ పట్టాదారుకు ఎంత భూమి ఉందో రాసేవాడు. ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగిసేది. ఆ పన్నెండు నెలలూ ఊరి బ్రతుకంతా అతడి కవిలెకట్టలోనే ఉండేది.

లెక్కలు తెలుగులోనే రాసేవారు. అయితే అది అందరి తెలుగు కాదు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు, నఖలు, గోశ్వారా, ఇలాంటి మాటలు పారసీ దర్బారునుంచి నడచివచ్చి మన నోట స్థిరపడ్డాయి. వాటిలో కొన్ని నేడు పసిపిల్లలకు కూడా తెలిసినవే, కాని ఆనాడు గొలుసుకట్టు రాతలో ఆ లెక్క చదవడం కరణానికే చేతనయ్యేది. చిన్నతనంలో మా నాన్నగారి వెంట అడంగలు నఖలు కోసం కరణంగారింటికి వెళ్ళిన గుర్తు నాకుంది. నాన్నగారు అరుగుమీద కూర్చోలేదు, నిలబడే ఉన్నారు. నఖలు చేతికి వచ్చాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయనకు చదువు రాకపోలేదు. ఆ లెక్క చదవడం రాదు.

సుమతీ శతకకారుడికి కరణంమీద ఎంత అపనమ్మకమో మనందరికీ తెలిసినదే. పాఠం చెబుతూ నేనూ పిల్లలను నవ్వించినవాడినే. ఇప్పుడు ఆలోచిస్తే, అది ఒక మనిషి గుణాన్ని గురించిన మాట కాదనిపిస్తుంది. చదవలేని కాగితంపై వేలిముద్ర వేయవలసిన ప్రతివాడి భయం అది.

ఆ కాగితం ఎంత బలమైనదో తెల్లవారికి తెలిసివచ్చిన సందర్భం 1921-22 నాటి పెదనందిపాడు పన్నుల నిరాకరణోద్యమం. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వాన ఆ ఫిర్కా రైతులు శిస్తు కట్టబోమన్నారు. అంతకంటే సర్కారును కలవరపెట్టినది గ్రామోద్యోగుల రాజీనామాలు. డబ్బు లేకపోతే జప్తు చేయవచ్చు. కరణం దస్త్రం ముడి విప్పకపోతే ఎవరి ఆస్తి జప్తు చేయాలి? ఎవరు ఎంత బాకీ? రిజర్వు పోలీసులు వచ్చారు, బెదిరింపులు వచ్చాయి. చౌరీచౌరా ఘటన తరువాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో తీర్మానం జరిగింది. ఇక్కడి ఉద్యమమూ ఆ నెలలోనే ఆగింది. అదే నెలలో పలనాట పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలి అయ్యాడు.

అరువదియేండ్ల తరువాత, 1984లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం మునసబు పదవులను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. కరణం పోయాడని ఊళ్ళో సంబరపడ్డవారున్నారు, బెంగపడ్డవారున్నారు. నిజానికి కరణం పోలేదు. ఊరు మారాడు. గుంటూరు అరండల్‌పేటకూ బ్రాడీపేటకూ ఎప్పుడో చేరుకున్నాడు.

ఎలాగంటారా? ఆదాయపు పన్నును మన దేశానికి 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చాడు. 1857 తిరుగుబాటును అణచడానికైన ఖర్చు రాబట్టుకోవడం ఉద్దేశం. పన్ను పెట్టిన కొద్ది వారాలకే ఆయన కలకత్తాలో మరణించాడు. పన్ను మాత్రం పోతూ వస్తూ, 1886 చట్టంతో స్థిరపడింది. వ్యవసాయాదాయాన్ని ఆ చట్టం వదిలిపెట్టింది. ఆపైన 1922 చట్టం, 1961 చట్టం వచ్చాయి. 1939లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో అమ్మకపు పన్ను తెచ్చింది. మద్యనిషేధంవల్ల పోయిన రాబడిని పూడ్చుకోవడానికి వేసిన పన్ను అది. కల్లుపాక మూసినందుకు కిరాణా కొట్టువాడు చిట్టా ఆవర్జాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళవలసి వచ్చింది! 1957లో ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టం, 2005 ఏప్రిల్ 1న వ్యాట్, 2017 జూలై 1న జి.ఎస్.టి. చట్టం మారినప్పుడల్లా ఫారాలు మారాయి. ఫారం మారినప్పుడల్లా రాసిపెట్టేవాడి అవసరం పెరిగింది.

మిరప, పత్తి పండే ఈ నేలలో ఆ అవసరం ఒక వింత రూపం ధరించింది. రైతు పంటమీది ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. అలా చెప్పే నిబంధన 1961 చట్టంలో సెక్షన్ 10(1). కరణంగారి భూమి లెక్క పేరు కూడా 10(1)! ఇది కేవలం కాకతాళీయం. అయినా పట్టాదారు లెక్కతో ఆ మినహాయింపుకు నిజంగానే పని పడింది. కె.ఎన్. రాజ్ సంఘం 1972లో చేసిన సూచనల తరువాత, ఇతర ఆదాయం ఉన్నవాడి వ్యవసాయాదాయాన్ని పన్ను రేటు నిర్ణయించడానికి మాత్రం కలిపి చూడడం మొదలైంది. పంటమీద పన్ను లేదు, కాని పంట మూలంగా జీతంమీది పన్ను పెరగవచ్చు. రెండెకరాల మిరపచేను ఉన్న బడిపంతులుకు ఈ సూక్ష్మం ఎవరు చెప్పాలి? పత్తి సంగతి మరొకటి. 2017 నవంబరు నుంచి రైతు దగ్గర ముడిపత్తి కొన్న రిజిస్టరు వర్తకుడు, రైతు బదులు తానే జి.ఎస్.టి. చెల్లించాలి. ఆ లెక్క పొల్లుపోకుండా చూడడం మళ్ళీ రాసిపెట్టేవాడి పనే.

ఇక నా సొంత కథ ఒకటి చెప్పక తప్పదు.

ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాలలో మా ఉపాధ్యాయులం చాలామందిమి ఫారం 16 తీసుకుపోయి ఒకే మనిషికి ఇచ్చేవాళ్ళం. పేరు అనవసరం. మర్యాదస్తుడు, తీసుకునేది స్వల్పం, పైగా కొంత సొమ్ము వాపసు వచ్చేటట్లు చేసేవాడు. కంప్యూటరులో పంపిన తరువాత ఒక్క పుట కాగితం ముద్రించి ఇచ్చేవాడు. దానిమీద సంతకం చేసి బెంగుళూరుకు టపాలో పంపాలి. నేను చేశాను, పంపాను. వాపసు సొమ్ము బ్యాంకులో పడింది. సంతోషించాను. రెండేళ్ళకు నోటీసు వచ్చింది: మీరు చూపిన మినహాయింపులకు ఆధారాలు చూపండి. నేను ఇవ్వని విరాళాలు, కట్టని అద్దెలు అందులో ఉన్నాయి. చూపడానికి ఒక్క రశీదు లేదు. పన్ను కట్టాను, వడ్డీ కట్టాను.

ఆ మనిషిని తిట్టుకుంటూనే పాత కాగితం వెదికి తీశాను. మినహాయింపుల మొత్తం ఆ ఒక్క పుటలోనే, నా సంతకానికి పైన, స్పష్టంగా అచ్చయి ఉంది. ముప్పైయేళ్ళు జవాబుపత్రాలలో అర మార్కు తేడాను పట్టుకున్న కళ్ళు ఆ అంకెను చూడలేదు. చూడలేదనడం కూడా పూర్తి నిజం కాదు. వాపసు వస్తుందన్నాక చూడాలనిపించలేదు. మా నాన్నగారు నఖలును తిప్పి చూసి మడిచారు. నేను తిప్పి కూడా చూడలేదు. ఆయనకు ఆ లెక్క చదవడం రాక, నాకు చదవడం ఇష్టం లేక. సుమతీ శతకం పద్యం అప్పుడు నాకు మరొకవిధంగా అర్థమైంది.

ఆ తరువాత నా కాగితాలు ఒక పూర్వవిద్యార్థి చూస్తున్నాడు. గుంటూరులో ఒక చిన్న గది, రెండు బల్లలు, ఒక సహాయకురాలు. జూలై నెలాఖరుకు అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. ఒకరు పాస్‌బుక్కు తెస్తారు, ఒకరు కోల్డ్ స్టోరేజి బాండు తెస్తారు, ఒకరు మిర్చియార్డు తక్‌పట్టీలు సంచి నిండా కుమ్మరిస్తారు. అతడు ఎవరినీ కసరుకోడు. ప్రతివారికీ ఒక అట్ట ఫైలు. పైన పేరు, పాన్ నంబరు, ఏ కాగితం ఇంకా రావాలో పెన్సిలుతో రాసిన చీటీ. అసలు కాగితాలు తన దగ్గర ఉంచుకోడు, నఖలు తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చివేస్తాడు. "రశీదు లేని అంకె నేను వేయను మాస్టారూ, వేయమంటే పక్క వీధికి వెళ్ళమంటాను" అన్నాడొకసారి. వెళ్ళినవారున్నారు. వాపసు ఎక్కువ తెచ్చిపెట్టేవాడికే పేరు వస్తుంది. అది అతడికీ తెలుసు.

ఇప్పుడు సంతకం కూడా లేదు. ఫోనుకు ఆరంకెల సంఖ్య వస్తుంది, అది చెబితే రిటర్ను ధ్రువీకరణ అయిపోతుంది. చాలామంది ఇంటినుంచి ఫోనులోనే ఆ సంఖ్య చదివి వినిపిస్తారు, ఏమి పంపుతున్నారో అడగరు. నాకు అది వెనుకటి తెల్లకాగితంపై వేలిముద్రలాగానే కనిపిస్తుంది. నా శిష్యుడు మాత్రం ఆ సంఖ్య అడిగే ముందు మొత్తం ఆదాయం, మినహాయింపులు, పన్ను, ఈ మూడు అంకెలనూ తెలుగులో చదివి వినిపిస్తాడు. వినేవారు "సరేనయ్యా, కానీ" అని విసుక్కున్నా వినిపిస్తాడు. ఒక్కొక్కరికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రోజుల్లో ఆ గదిలో రెండు నిమిషాల విలువ ఎంతో చూసినవారికే తెలుస్తుంది.

1961 చట్టం స్థానంలో 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు. 2026 ఏప్రిల్ 1 దాని అమలుకు నిర్ణయించిన తేదీ. అందులో భాష సులభం చేశామన్నారు. అసెస్‌మెంటు సంవత్సరం, గత సంవత్సరం అనే చిక్కు తీసి పన్ను సంవత్సరం అన్నారు. మంచిదే. ఎంత సులభం చేసినా అట్ట ఫైలు పట్టుకుని ఆ గది మెట్లెక్కే మనిషి ఉంటాడు. అతడికి ఆ మూడు అంకెలు అతడి భాషలో వినిపించేవాడు దొరికితే, మోటుపల్లి రాతిమీది అక్షరాలకు ఇంకా కొంత ఆయుస్సు ఉన్నట్లే.

మీ ఇళ్ళలో పాత శిస్తు రశీదులు, వర్తకుల ఆవర్జాలు ఉంటే పారవేయకండి. తీరిక చేసుకుని ఒక్కసారి చదవండి. అర్థంకాని మాట ఉంటే రాయండి, నాకు తెలిసినంత చెబుతాను. నేను పొరబడినచోట పెద్దలు సరిదిద్దగోరతాను.