తగలబెట్టడం వేరు, లేకుండా చేయడం వేరు

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, "అయ్యా, నేను వ్రాసినవన్నీ నోట్ ఫైళ్ళే. చరిత్ర నాకేమి తెలుసు?" అన్నాను. "సర్వీసులో సగం రికార్డు రూములో గడిపిన మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారు ఆయన. ఆ మాట కాదనలేక ఈ నాలుగు పేజీలు వ్రాస్తున్నాను. విషయం మాత్రం దూరదేశాలది. యుద్ధాల కోసం పోగుచేసిన విషవాయువులను దేశాలు ఎలా వదిలించుకున్నాయి అన్నది. చదివిన తరువాత, ఇదీ మన గుమాస్తాల పనే కదా అని మీకే అనిపించవచ్చు.

1915 ఏప్రిల్ 22 సాయంత్రం బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర జర్మన్ సైన్యం వేల సిలిండర్ల మూతలు తెరిచి, గాలివాలు చూసి, 150 టన్నులకు పైగా క్లోరిన్ వాయువును శత్రువుల కందకాల మీదకు వదిలింది. ఆ పనిని దగ్గరుండి నడిపించినవాడు ఫ్రిట్జ్ హేబర్ అనే శాస్త్రవేత్త. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తయారుచేసే పద్ధతి కనిపెట్టింది కూడా ఈయనే. మన పొలాల్లో చల్లే యూరియా వెనుక ఉన్నది ఆ పద్ధతే. ఒకే మనిషి, ఒకే విద్య. ఒక చేతితో అన్నం, ఇంకొక చేతితో విషం. నాలుగు రోజుల తరువాత అదే చోట మన భారతీయ సిపాయిల లాహోర్ డివిజన్ ఆ వాయువుకు ఎదురు నిలిచింది. అక్కడ చూపిన ధైర్యానికి జమాదారు మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ లభించింది.

1917లో మస్టర్డ్ గ్యాస్ వచ్చింది. పేరుకు గ్యాసే గాని అది నూనె వంటి ద్రవం. మన ఆవాలతో దానికి సంబంధం లేదు, వాసనను బట్టి వచ్చిన పేరు. తగిలిన వెంటనే తెలియదు. కొన్ని గంటల తరువాత ఒళ్ళంతా బొబ్బలెక్కుతుంది, కళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

యుద్ధం ముగిశాక 1925లో జెనీవాలో ఒక ఒప్పందం జరిగింది. విషవాయువులను యుద్ధంలో వాడరాదన్నారు. తయారుచేయరాదని, నిలవ ఉంచరాదని మాత్రం అనలేదు. దొంగతనం చేయవద్దు గాని కన్నపుకత్తి ఇంట్లో ఉంచుకోవచ్చు అన్నట్టుంది. అందుచేత గోదాములు నిండుతూనే వచ్చాయి. తరువాతి కాలంలో సారిన్, వి.ఎక్స్. వంటి నరాల మీద పనిచేసే విషాలు కూడా వచ్చి చేరాయి.

పాతబడిన సరుకును ఏమి చేశారు? చాలా కాలం సముద్రంలో పారవేశారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ నిల్వలను బాల్టిక్ సముద్రంలో ముంచారు. దశాబ్దాలు గడిచినా అక్కడి జాలరుల వలలలో మస్టర్డ్ ముద్దలు పడుతూ చేతులు కాలుస్తూ వచ్చాయి. అమెరికా వారు 1970 ఆగస్టులో సారిన్ రాకెట్లను కాంక్రీటు దిమ్మెలలో బిగించి, పాత ఓడలో వేసి, ఫ్లోరిడా తీరానికి దూరంగా ఓడతో సహా ముంచేశారు. కంటికి కనపడకపోతే లేనట్టే అన్న లెక్క.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేను ఎల్.డి.సి.గా చేరిన కొత్తలో, 1970ల చివర, మా ఆఫీసుకు ఇన్‌స్పెక్షన్ వస్తుందన్నారు. రికార్డు రూములో కాలు పెట్టే సందు లేదు. ఆర్.డిస్. ఫైళ్ళు శాశ్వతంగా ఉంచాలని, డి.డిస్. పదేళ్ళు దాటితే తీసివేయవచ్చని మీకందరికీ తెలిసినదే. తీసివేసే ముందు జాబితా వ్రాయాలి, ఒక్కొక్క ఫైలూ విప్పి చూడాలి, అధికారి ఉత్తర్వు తీసుకోవాలి. ఉన్నది రెండు రోజులు. బొత్తుల పైన చీటీలు చూసి జాబితా వ్రాశాము. పెరట్లో గోయి తీసి తగలబెట్టాము. "జాబితా ప్రకారము నా సమక్షమున నాశనము చేయబడినవి" అని నేనే సంతకం చేశాను. తగలబడడం చూసిన మాట నిజమే. తగలబడినది ఏమిటో చూడలేదు.

రెండేళ్ళకు ఒకామె వచ్చింది. భర్త మా ఆఫీసులోనే అటెండరుగా చేసి పోయాడు. కుటుంబ పెన్షన్ కోసం అతని సర్వీసు పుస్తకం కావాలి. ఎంత వెతికినా దొరకలేదు. నేను మరికొన్ని బొత్తులు విప్పి వెతికినట్టు నటించాను కూడా. నాకు అప్పటికే అర్థమైంది. పాత జీతం బిల్లుల నకళ్ళు ట్రెజరీ నుంచి తెప్పించి సర్వీసు రుజువు చేయడానికి మూడేళ్ళకు పైగా పట్టింది. ఆ మూడేళ్ళూ ఆమె ఇద్దరు పిల్లలతో మా వరండాలో కూర్చునేది. "బాబూ, మా కాగితం దొరికిందా?" అని నన్నే అడిగేది. ఆ కాగితాలు నేనే కూడబెట్టి పంపాను, నిజం మాత్రం చెప్పలేకపోయాను.

అందుకే రసాయన ఆయుధాల ఒడంబడిక గురించి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. 1988 మార్చిలో ఇరాక్‌లోని హలబ్జా పట్టణం మీద సద్దాం హుసేన్ సైన్యం విషవాయువు చల్లి వేలమందిని చంపిన తరువాత, 1993 జనవరిలో పారిస్‌లో ఈ ఒడంబడిక మీద సంతకాలు జరిగాయి. 1997 ఏప్రిల్ 29న అమలులోకి వచ్చింది. అందులో ఏమున్నది? ప్రతి దేశం తన వద్ద ఏమున్నదో, ఎక్కడున్నదో, ఎంత ఉన్నదో జాబితా ఇవ్వాలి. హేగ్ నగరంలోని సంస్థ నుంచి తనిఖీదారులు వచ్చి లెక్క సరిచూడాలి. నాశనం చేసేటప్పుడు వారు అక్కడ ఉండాలి. సముద్రంలో పడవేయరాదు, భూమిలో పాతిపెట్టరాదు, ఆరుబయట గోతిలో తగలబెట్టరాదు. ఆ చివరి షరతు చదివి నేను కాసేపు పుస్తకం మూశాను.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. మన వద్ద అటువంటివి లేవని మన ప్రభుత్వం చెబుతూ వచ్చింది. 1997 జూన్‌లో మాత్రం ఉన్నవని ప్రకటించి, 1,044 టన్నుల మస్టర్డ్ లెక్కకు ఇచ్చింది. 2009లో అదంతా తనిఖీదారుల కళ్ళ ముందు నాశనం చేయడం పూర్తయింది. లేదని చెప్పిన చోట ఉన్నదని వ్రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఒక్క వాక్యం వ్రాసినందుకు మన దేశం గౌరవం పెరిగిందే గాని తగ్గలేదని నా అభిప్రాయం.

అమెరికాలో కథ ఇంకా పెద్దది. 1984లో కెంటకీ రాష్ట్రంలోని బ్లూ గ్రాస్ డిపోలో ఉన్న విషాన్ని కొలిమిలో కాల్చివేస్తామని సైన్యం ప్రకటించింది. పొగగొట్టం నుంచి ఏమి వస్తుందో చెప్పమని ఊరివారు అడ్డుపడ్డారు. వారిలో ముందు నిలిచినవాడు క్రెయిగ్ విలియమ్స్. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చి వడ్రంగం చేసుకుంటున్న మనిషి. విషం పోవద్దని ఆయన అనలేదు, సరిగా పోవాలన్నాడు. ఏళ్ళ తరబడి పోరాడిన మీదట వేరే పద్ధతికి ఒప్పించారు. రాకెట్లలోని సారిన్‌ను యంత్రాలతో తోడి కాస్టిక్ సోడా ద్రావణంలో విరగగొట్టారు. కొలరాడోలోని ప్యూబ్లోలో మస్టర్డ్‌ను వేడినీటితో విరిచి, మిగిలిన దానిని సూక్ష్మజీవులకు మేతగా వేశారు. 2012 గడువు దాటిపోయింది, ఖర్చు పెరిగింది. చివరకు 2023 జూలై 7న బ్లూ గ్రాస్‌లో ఆఖరి సారిన్ రాకెట్టు పోయింది. రష్యా తన 40 వేల టన్నులను 2017లోనే ముగించింది. దేశాలన్నీ ప్రకటించిన 72,304 టన్నులూ ఆ రోజుతో లెక్క తేలాయి.

ప్రకటించినవి అన్న మాట గమనించండి. సిరియా 2013లో ఒడంబడికలో చేరి సుమారు 1,300 టన్నులు చూపింది. అందులో 600 టన్నులను 2014లో మధ్యధరా సముద్రం మీద, కేప్ రే అనే ఓడలోనే యంత్రాలు బిగించి నీటితో విరిచారు. చుక్క కూడా సముద్రంలో కలపలేదు. మంచి పనే. కాని 2017 ఏప్రిల్‌లో ఖాన్ షేఖూన్ అనే ఊళ్ళో మళ్ళీ సారిన్ పడింది, పిల్లలు చనిపోయారు. ఐక్యరాజ్యసమితి, హేగ్ సంస్థ కలిసి చేసిన విచారణలో అది సిరియా ప్రభుత్వం పనే అని తేలింది. జాబితా వ్రాసినవాడు పూర్తిగా వ్రాయలేదన్న మాట. జాబితాలో లేనిదానిని నాశనం చేసేవారెవరు? ఈజిప్టు, ఉత్తర కొరియా అసలు ఒడంబడికలోనే చేరలేదు.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వవలసి వచ్చినప్పుడు విసుక్కుంటాము. బతికే ఉన్నామని ఎన్నిసార్లు చెప్పాలి అంటాము. ఎవరో ఒకరు కళ్ళారా చూసి సంతకం పెట్టాలన్నదే ఆ నియమం వెనుక ఉన్న భావం. బతికి ఉన్నవానికే అంత రుజువు కావలసినప్పుడు, వేలమందిని చంపగల విషం చచ్చిందనడానికి ఎంత రుజువు కావాలి?

మన పిల్లలు, మనుమలు ఎందరో ఉద్యోగాలలో ఉన్నారు. ఇప్పుడు కంప్యూటరు మీద ఒక్క మీట నొక్కితే సంతకం పడిపోతుందట. వారికి నేను చెప్పగలిగినది ఒక్కటే. చూడనిదానికి "చూచితిని" అని వ్రాయకండి. ఆ వరండాలో కూర్చున్న ఆమె పేరు నాకు ఈనాటికీ గుర్తున్నది. ఆమె ఉంటే ఈ సంచిక ఒకటి తీసుకువెళ్ళి చేతిలో పెట్టేవాడిని. లేదు. అందుకే మీకు చెప్పుకున్నాను.